ఒట్టి ఇనుము

ఆ రోజు నవంబరు పద్నాలుగు. పొద్దున బస్టాండు ఎదురుగా ఉండే హోటల్లో ఉగ్గాని తిన్నాను, మిరపకాయ బజ్జీతో. నిమ్మకాయ పిండలేదేమని అడిగితే సర్వరు ఒక చెక్క తెచ్చి నా ప్లేటులో తానే పిండాడు, గింజలు బొరుగుల్లో పడకుండా వేళ్లు అడ్డం పెట్టి. ఎవరూ చెప్పకుండానే అడ్డం పెట్టిన ఆ వేళ్లు నాకు ఇంకా గుర్తున్నాయి. నేను మిల్లుకు చేరేసరికి పెద్ద మిషను పుల్లీ పగిలిపోయి ఉంది. వేరుశెనగ నూనె తీసే ఆ యంత్రాన్ని ఇక్కడ అందరూ పెద్ద మిషను అనే అంటారు. పుల్లీలో అరచెయ్యంత ముక్క లేచి, రేకుల కప్పుకు తగిలి, ఫిట్టరు లేవి రోజూ కూర్చునే తెలగపిండి బస్తాలో దిగబడింది. ఆ సమయానికి లేవి గేటు బయట టీ కొట్టు దగ్గర ఉన్నాడు. టీలో చక్కెర చాలలేదని ఇంకొక చెంచా వేయించుకోవడానికి ఆగాడట. ఒక చెంచా చక్కెర. ఈ లోకంలో మనుషులు ఎందుకు బతికి ఉన్నారని ఎవరైనా అడిగితే నేను ఇలాంటివే చెప్పగలను. మిల్లు యజమాని భూపేష్ మాత్రం వేరే చెప్పాడు. దిష్టి అన్నాడు. ఆయుధపూజ నాడు చర్చికి పోయినవాని చేత్తో బిగించిన పుల్లీ పగలక ఏమవుతుంది అన్నాడు. అంటూ ఒక గుమ్మడికాయ తెప్పించి రేకుల కింద వేలాడదీశాడు. పగిలిన పుల్లీ లోపలి అంచున పసుపు రంగుకు తిరిగిన నూనె మెరుస్తూ ఉండింది. నేను వేలితో తీసి చూపించాను. అతను ఫోను చూసుకుంటున్నాడు.

ఇప్పుడు కొత్త పుల్లీ వచ్చింది. పొద్దు వాలుతోంది. నేను అదే బస్తాల మీద కూర్చుని ఉన్నాను, ఒళ్లో టిఫిన్ క్యారియరు పెట్టుకుని. మూడు గిన్నెల క్యారియరు అది. మధ్యాహ్నం తిన్నది కడిగేసి, పెద్ద మిషను స్విచ్చు నుంచి పీకిన మూడు పింగాణీ ఫ్యూజులను గిన్నెకొకటి చొప్పున పెట్టి మూత బిగించాను. ఇవి నా ఒళ్లో ఉన్నంతసేపు పెద్ద మిషను తిరగదు, తిరగనంతసేపు దాని లోపల ఉన్న లేవి చేతులు లేవికే ఉంటాయి. చిన్నపిల్లలకైనా అర్థమయ్యే సంగతి. భూపేష్‌కు అర్థం కాదు. అర్థం కాకపోవడం అతనికి ఒక హోదా. మెడలో గొలుసులాగా దాన్ని చొక్కా మీదికి తీసి కనిపించేటట్టు వేసుకుంటాడు. బీటెక్ చదివాడట, ఏ బ్రాంచి అని ఒకసారి మర్యాదకు అడిగాను, అదేదోలే అన్నా అన్నాడు. అదేదో. నేను కడపలో ఫిజిక్సు చదివిన రోజుల్లో హాస్టలు వరండాలో దోమలు కుడుతుంటే రాపిడి గురించి, పట్టు గురించి రాసుకున్న పాఠాలు ఇప్పటికీ కళ్లముందున్నాయి. ఇంత వయసొచ్చాక ఆ పాఠాన్ని ఒక తెల్లచొక్కాకు వినయంగా మళ్లీ మళ్లీ చెప్పడమే నా ఉద్యోగం. వినయంగా చెప్పడం నాకు అలవాటు. నేను గొంతు ఎత్తి మాట్లాడింది ఎవరూ ఎరగరు. అందుకే లోపల ఎంత ఏవగింపు పేరుకున్నా బయటికి సరేనప్పా అనే వస్తుంది. ఆ సరేనప్పా విని అతను నా భుజం తడతాడు. ఆ తట్టిన చోటు సాయంత్రం దాకా నాకు తెలుస్తూనే ఉంటుంది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక పూజ చేశారు. ఈ మిల్లులో ఒక ఆచారముంది. కొత్త ఇనుము ఏది వచ్చినా ఆ ఏడు తీసిన తొలి నూనె పూయకుండా ఎక్కించరు. భూపేష్ తల్లి నాగలక్ష్మమ్మ చెంబులో నూనె తెచ్చి, పసుపు కలిపి, తన చేత్తోనే పూస్తుంది. ఆమె అంటే నాకు కోపం రాదు. పుల్లీని ఒళ్లో పడుకోబెట్టుకున్నట్టు వంగి, గాడి గాడికీ వేళ్లు పోనిచ్చి, ఏ మూలా వదలకుండా పూసింది. "లోపల వద్దమ్మా, బుష్షు దిగే చోటు, అది ఒట్టిగానే ఉండాల" అన్నాను. ఆమె నా వైపు జాలిగా చూసింది. "ఒట్టి ఇనుము ఎక్కిచ్చుకుంటారా రంగసామీ? తలకు సమురు పెట్టకుండా పెండ్లికూతుర్ని పీట మీద కూసోబెడతారా ఎవురన్నా?" అంది. ఆమెకు తెలియదు. తెలిసినవాడు పక్కనే ఉన్నాడు. పోయినసారి ముక్క ఎగిరింది ఎందుకో నేను వేలితో తీసి చూపించినవాడు. అతను ఫోను ఎత్తి, అమ్మా ఇంగొంచెం వంగు, నీ ముఖం పడల్లేదు అంటూ ఫొటో తీశాడు. "లోపలా బయటా ఒగటే ఇనుము గదన్నా" అన్నాడు నాతో.

ఒకటే ఇనుము. పుల్లీ నడిమి రంధ్రం గరాటులా ఒకవైపు సన్నబడుతుంది. అదే వాలుతో చెక్కిన బుష్షు అందులోకి దిగుతుంది. షాఫ్టు మీదికి తోసి, మరలు బిగిస్తే, బుష్షు ఒక చేత్తో షాఫ్టును, ఇంకో చేత్తో పుల్లీని పట్టుకుంటుంది. ఒట్టి ఇనుము ఒట్టి ఇనుమును పట్టుకోవడం తప్ప అందులో ఇంకే మాయా లేదు. నడుమ నూనె చేరిందంటే మర ఎంత తిప్పినా ఇంకా తిరుగుతుంది. బుష్షు లోపలికి జారిపోతూ ఉంటుంది, మనం బిగుస్తోందని సంతోషపడుతూ ఉంటాం, నిజానికి పుల్లీని లోపలి నుంచి చీలుస్తూ ఉంటాం. తర్వాత అది తిరుగుతూ తిరుగుతూ తనకు వీలైన రోజు పగులుతుంది. ఎవరు టీ తాగుతున్నారు, ఎవరు బస్తా మీద కూర్చున్నారు అని చూడదు. అందుకే పూజ అయిపోయి అందరూ వడలు తినడానికి పోయాక నేను ఫ్యూజులు పీకి, లేవిని పిలిచి, లోపలంతా కిరసనాయిలుతో కడిగి పొడిబట్టతో తుడిచి ఆరనివ్వమన్నాను. బయటి బొట్లు, పసుపు అలాగే ఉంచమన్నాను. నాగలక్ష్మమ్మ పూసిన ప్రేమ బయటివైపు ఉంటే ఎవరికీ నష్టం లేదు.

"సార్, ఇంగా వస్తాండాది సమురు. అమ్మ యాడేడ దాపెట్టిందో, ప్రతి మూలకీ ఉండాది" అంటున్నాడు లేవి లోపల నుంచి. పుల్లీని షాఫ్టు మీద వదులుగా తగిలించి, మిషను సందులో నడుము దాకా దూరి ఉన్నాడు. చొక్కా వెనక వీపు మీద ఏదో టోర్నమెంటు పేరు సగం చెరిగిపోయి కనిపిస్తోంది. సుత్తి అతని పక్కన లేదు, నేనే దూరంగా పెట్టించాను. పుల్లీని సుత్తితో కొట్టి ఎక్కించే మిల్లులు ఈ దారి పొడుగునా ఉన్నాయి. ఒక్కో దెబ్బకు అవతల బేరింగులో గుండ్లకు గుంటలు పడతాయి, నెలలోగా మిషను ఏడవడం మొదలుపెడుతుంది, అప్పుడు బేరింగు కంపెనీని తిడతారు. ఎవరో ఒకరిని తిట్టుకుంటే సరిపోతుంది కదా. దిష్టి, చర్చి, కంపెనీ. తమ చేతిలో సుత్తి ఉన్న సంగతి తప్ప ఈ మనుషులకు అన్నీ కనిపిస్తాయి.

ఈ క్యారియరు ప్రసన్నకుమారి కొన్నది. తను పోయాక నేను ఒక గిన్నెలోనే తెచ్చుకుంటున్నాను, కానీ మూడూ లేకపోతే పక్కల క్లిప్పు పట్టదు, అందుకని రెండు ఖాళీ గిన్నెలు రోజూ మిల్లుకు వచ్చి ఇంటికి పోతున్నాయి. వాటికి కూడా ఇవాళ పని దొరికింది. తను మగ్గాల ఇంటి పిల్ల. మా పెళ్లయిన కొత్తలో నేను పుల్లీలు సరిచూడటానికి పురికొస వాడతానని విని నవ్వింది. పురికొస ఒళ్లంతా నూగు, దానికేం తెలుస్తుంది, ఇది తీసుకుపో అని తన పెట్టెలోంచి సన్నటి నూలు కండె ఇచ్చింది. మోటారు పుల్లీ ముఖం మీదుగా పెద్ద పుల్లీ ముఖం దాకా ఆ దారం లాగి పట్టుకుంటే, రెండు పుల్లీల అంచులనూ నాలుగు చోట్లా తాకాలి. ఎక్కడైనా వెలుతురు కనిపించిందంటే పుల్లీలు ఒకదాన్నొకటి ఎదురుగా చూసుకోవడం లేదని అర్థం, బెల్టులు పక్కకు రాసుకుని తొందరగా తెగుతాయి. తను ఒకసారి మిల్లుకు వచ్చి, నేను లాగిన దారాన్ని వేలితో మీటి, తల వంచి విన్నది. ఇంకొంచెం లాగు అంది. మగ్గం మీద అలాగే వింటారేమో, నేను అడగలేదు. అడగవలసినవి అలాగే మిగిలిపోతాయి. కర్నూలు పెద్దాసుపత్రిలో చివరి వారం తనకు ఏ చప్పుడు వినిపించినా ఉలిక్కిపడేది. ఆ వార్డులో తలుపు వేసిన ప్రతిసారీ ధడేలుమనేది. డాక్టర్లు, పరామర్శకు వచ్చే బంధువులు, ఆపిల్ పండ్ల సంచులతో వచ్చే పెద్దమనుషులు, అందరూ ధడేలున వేసి, పాపం నిద్ర పట్టడం లేదా అని అడిగేవాళ్లు. సుంకమ్మ అని ఊడ్చే ఆమె మాత్రం గడియను అరచేత్తో పట్టుకుని, తలుపును నెమ్మదిగా చట్రంలోకి దించేది. తను నిద్రపోయేది. ఆమెకు నేను థాంక్స్ చెప్పలేదు, చెబితే సిగ్గుపడేదేమో. అప్పటి నుంచి తలుపు వేసే తీరు నేను చూస్తూ ఉంటాను. భూపేష్ కారు తలుపు వేస్తే గేటు దగ్గర కుక్క లేచి నిలబడుతుంది.

అదుగో, ఆ కారు తలుపే. మా నూనె కొనే షావుకారు వచ్చాడు, ఆదోని నుంచి, ఆయనతోపాటు పార్టీ మనిషి, ఆ మనిషితోపాటు ఒక శాలువా. కొత్త పుల్లీతో మిషను తిప్పడానికి పొద్దు మునగకముందే ముహూర్తమట. వాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి భూపేష్ నా వైపు వస్తున్నాడు, నవ్వు ముఖం మీద ఉంచుకుని, కళ్లలోంచి తీసేసి.

"ఏమన్నా, ఇంగా ఎంతసేపు? షావుకారు వచ్చి కూసోనుండాడు."

"తుడుస్తాండాడప్పా. ఆరినాంక బిగించాల, దారం చూడాల, బెల్టులు ఎక్కాల."

"పూజ చేసింది తుడుస్తారా ఎవురన్నా? అదీ ఈని చేత?"

మిషను లోపల గుడ్డ కదలడం ఆగింది. మళ్లీ కదిలింది.

"బొట్టు బయట అట్లే ఉండాది చూడు" అన్నాను.

"ఫ్యూజులు ఇయ్యి."

"పని అయినాంక ఇస్తా."

"మిల్లు నీదా, నాదా?"

"మిల్లు నీదేనప్పా. చేతులు లేవివి."

అతను ఒక క్షణం నన్ను చూసి, వెంటనే కుర్చీల వైపు తిరిగి గట్టిగా నవ్వాడు. "చూసినారా షావుకారూ, మా రంగస్వామన్న కరెంటును క్యారియర్లో కట్టుకోని తిరుగుతాండాడు!" షావుకారు నవ్వాడు. పార్టీ మనిషి ఎందుకో తెలియక ఇంకా గట్టిగా నవ్వాడు. నన్ను చూసి నవ్వేవాళ్లతో నాకు పేచీ లేదు. నవ్వుతున్నంతసేపు వాళ్లు దేన్నీ ముట్టుకోరు.

"సార్, ఆకలైతే ఒక ఫ్యూజు నంజుకోండి" అన్నాడు లేవి లోపలి నుంచి, నాకు మాత్రమే వినిపించేటట్టు.

బుష్షు ఆరింది. వేలు పెట్టి చూశాను, గరుకుగా, చల్లగా, ఒట్టిగా ఉంది. ఇంత అందంగా ఉంటుంది ఏమీ పూయని ఇనుము. లేవి మరలను ఒకదాని తర్వాత ఒకటి, కొంచెం కొంచెంగా, ఒకవైపే లాగకుండా బిగిస్తున్నాడు. ఒక దశలో మర ఆగింది. ఆగవలసిన చోట ఆగింది. పోయినసారి అది ఆగలేదు. నేను నూలు దారం తీశాను, లేవి అవతలి కొస పట్టుకున్నాడు. ఒకచోట సన్నగా వెలుతురు కనిపించింది. మోటారును ఒక వెంట్రుకంత జరిపాడు. వెలుతురు పోయింది. దారాన్ని మీటాను. నా చెవికి అది సరిగ్గానే ఉంది, తన చెవికి ఎలా ఉండేదో.

ఇక బెల్టులు. మోటారును పుల్లీ వైపు దగ్గరికి జరిపి, బెల్టులు వదులుగా ఉన్నప్పుడే చేత్తో గాడిలో పెట్టి, తర్వాత మోటారును వెనక్కి లాగి బిగించాలి. అంతే పని. కానీ మోటారు బోల్టులు విప్పి జరపడానికి ఓపిక కావాలి. ఓపిక కూలివాళ్ల గుణమని భూపేష్ అభిప్రాయం. నాలుగేళ్ల కిందట ఆదెన్న ఇక్కడ ఫిట్టరు. బెల్టును గడ్డపారతో ఎక్కిస్తుంటే భూపేష్ వచ్చి, ఊరికే ఒక తడవ ఒత్తుతా, మిషనే ఎక్కిచ్చుకుంటాది అని బటను నొక్కాడు. మిషను ఎక్కించుకుంది. బెల్టుతోపాటు ఆదెన్న కుడిచేతి వేళ్లు రెండు. ఆ తర్వాత భూపేష్ అతనికి వాచ్‌మన్ ఉద్యోగం ఇచ్చాడు. ఖాకీ చొక్కా, విజిలు, కరెంటు రూము తలుపు పక్కన ఒక స్టూలు. వచ్చిన ప్రతి అతిథికీ చూపించి, మనవాణ్ణి మనం వదులుకోలేం కదా అంటాడు. ఆదెన్న లేచి నిలబడి సెల్యూటు కొడతాడు. ఆ చేత్తోనే. మూడు వేళ్లు నుదుటికి ఆనించి. ఆ సెల్యూటు చూసినప్పుడల్లా నేను తల తిప్పుకుంటాను. భూపేష్ మీద కన్నా నాకు అతని మీదే ఎక్కువ అసహ్యం వేస్తుంది ఆ క్షణంలో. వేళ్లు తీసుకున్నవాడికి మిగిలిన వేళ్లతో దండం పెట్టేవాడు. మనిషిలో ఏది విరిగితే అలా అవుతాడు? పోయేటప్పుడు రోజూ అతను, పోయొస్తారా సామీ అంటాడు, నేను ఊఁ అంటాను, అంతకన్నా ఒక్క మాట ఎక్కువ ఇవ్వను.

లేవి మూడో బెల్టు గాడిలో దించుతున్నాడు. ఇంకొకటి ఉంది, తర్వాత మోటారు లాగడం, తర్వాత చేత్తో ఒకసారి తిప్పి చూడటం, తర్వాత ఇనుప జాలీ మూత. పక్క షెడ్డులో వేరుశెనగ కాయలు కొట్టే మిషను హోరు. వెలుతురు రేకుల సందుల్లోంచి ఎర్రగా పడుతోంది. భూపేష్ కుర్చీల దగ్గర లేడు.

చూశాను. షెడ్డు అవతలి కొసన, కరెంటు రూము వైపు నడుస్తున్నాడు. చేతిలో రాగితీగ చుట్ట. ఫ్యూజులు ఉండవలసిన చోట తీగ తగిలించుకుంటే చాలు, ఏ క్యారియరూ అక్కర్లేదు. ఈ ఒక్క విద్య మాత్రం అతను నేర్చుకున్నాడు. షావుకారును, పార్టీ మనిషిని ఫొటో కోసం పుల్లీకి ఎదురుగా నిలబెట్టారు. ఎగిరితే ముక్క ఎటు పోతుందో సరిగ్గా అటు.

"లేవీ, చెయ్యి తియ్యి" అన్నాను. వినిపించలేదు. చొక్కా పట్టుకుని లాగాను. "ఆగండి సార్, ఆగండి, వేలు ఉండాది" అన్నాడు. బెల్టుకూ పుల్లీకీ నడుమ అతని చెయ్యి మణికట్టు దాకా ఉంది. లాగితే చర్మం వస్తుంది. నేను వద్దు వద్దు అంటూ క్యారియరును గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నాను, ఏదో అందులోనే ఇంకా కరెంటు ఉన్నట్టు. నా మోకాళ్లతో ఆ దూరం పరిగెత్తలేను. అరిచాను. నిజంగానే అరిచాను, ఆదెన్నా అని, ఎవరూ ఎరగని గొంతుతో. పక్క షెడ్డు మిషను సరిగ్గా అప్పుడే ఆగింది. నా అరుపు రేకులకు తగిలి అందరూ నా వైపు తిరిగారు.

ఆదెన్న కరెంటు రూము తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. సెల్యూటు కొట్టలేదు. నా వైపు చూశాడు, లేవి వీపు వైపు చూశాడు, భూపేష్ చేతిలోని తీగ వైపు చూశాడు.

"పక్కకు జరుగు ఆదెన్నా" అన్నాడు భూపేష్.

"వద్దు సా" అన్నాడు ఆదెన్న, చాలా మర్యాదగా. "అమ్మ దీపం పెట్టేసింది ఆడ. దీపం పెట్టినాంక కొత్త ఇనుము తిప్పకూడదంట. ఇంటికి కీడంట."

"ఎవురు చెప్పినారు?"

"అమ్మనే చెప్పింది సా. కావాలంటే అడుగు పో. షావుకారు ముందరే అడుగు."

ఇన్నేళ్లలో ఇలాంటి నియమం నేను ఎక్కడా వినలేదు. నాగలక్ష్మమ్మ కూడా విని ఉండదు. కానీ ఆమె దీపం దగ్గర నుంచి తల ఎత్తి, ఒక్క క్షణం ఆలోచించి, అవునేమో అన్నట్టు చెంపలు వేసుకుంది. షావుకారు కీడు అన్న మాట విని పుల్లీ ఎదుటి నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. పార్టీ మనిషి శాలువా మడత పెట్టేశాడు. భూపేష్ అందరినీ ఒకసారి చూసి, "నేనూ అదే అనుకుంటాండా, రేపు పొద్దున్నే పెట్టుకుందాం" అన్నాడు. అతనికి అది నిజంగానే తన ఆలోచనే అయిపోయింది అప్పటికే. తీగ చుట్టను ఎక్కడ పెట్టాలో తెలియక షావుకారు డ్రైవరు చేతికి ఇచ్చాడు.

లేవి చెయ్యి బయటికి వచ్చింది. వేళ్లు చాచి, ముడిచి, పసుపు అంటిన గుడ్డకు తుడుచుకున్నాడు. "ఇంగొక బెల్టే సార్. ముగించేస్తా" అని మళ్లీ దూరాడు.

షెడ్డు అవతల ఆదెన్న కరెంటు రూములో లైటు ఆర్పాడు. లేవి ఇంకా మిషను లోపల పనిలో ఉన్నాడని తెలుసు కాబట్టి కాబోలు, గడియ కొట్టుకోకుండా దాన్ని మూడు వేళ్ల చేత్తో పట్టుకుని, తలుపును నెమ్మదిగా, చట్రంలోకి దించి మూశాడు. తాళం వేసిన చప్పుడు కూడా నా దాకా రాలేదు.